కేబుల్ లేకుండా కాలేజీ ఫుట్‌బాల్: ముందు యాంటెన్నా, తర్వాతే యాప్‌లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరుండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. అమ్మాయి టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో చేరింది. కేబుల్ ఎప్పుడో తీసేశారు, ఇంట్లో ఇంటర్నెట్ తప్ప ఇంకేం లేదు. వాళ్ల జట్టు శనివారాలు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు చూడాలంటే మళ్లీ కేబుల్ పెట్టించుకోవాలా, ఇంటర్నెట్‌లోనే టీవీ ఛానెళ్లన్నీ ఇచ్చే, నెలకు 80 డాలర్లు దాటే యూట్యూబ్ టీవీ తీసుకోవాలా, ఇంకేదైనా దారి ఉందా అని అడిగారు.

ఆ రెండూ అక్కర్లేదండీ. ఒక్క జట్టునే పట్టుకుని చూసే ఇంటికి ఒక మంచి యాంటెన్నా, దానికి అందని ఆటల కోసం సీజన్ ఉన్నన్నాళ్లూ స్పోర్ట్స్ ఛానెల్ ఈఎస్‌పీఎన్ వాళ్ల యాప్, ఇంతే కావాలి. నేనూ ఈ డాలస్ పరిసరాల్లోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను, తెలిసినవాళ్ల ఇళ్లలో ఈ పని తరచూ నా నెత్తినే పడుతుంది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. ధరలన్నీ 2025 సీజన్ నాటివి. ఇవి ఏటా పెరిగేవే కాబట్టి కొనేముందు ఒకసారి చూసుకోండి.

ముందుగా ఏ ఆట ఏ ఛానెల్‌లో వస్తుందో ఎవరు తేలుస్తారో తెలుసుకోవాలి. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ప్రసార హక్కులు కాలేజీ చేతిలో ఉండవు, ఆ కాలేజీ ఉన్న కాన్ఫరెన్స్ చేతిలో, అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్ చేతిలో ఉంటాయి. అందులోనూ ఆట ఎవరి మైదానంలో జరుగుతుందో వాళ్ల కాన్ఫరెన్స్‌దే మాట. మన క్రికెట్‌లోనూ అంతేగా, భారత్ సొంతగడ్డ మీద ఆడితే ఒక ఛానెల్, ఇంగ్లాండ్ వెళ్లి ఆడితే ఇంకో ఛానెల్.

మీ అమ్మాయి జట్టే మంచి ఉదాహరణ. ఏ అండ్ ఎమ్, నోటర్‌డామ్ వరసగా రెండేళ్లు తలపడ్డాయి. 2024 ఆగస్టు 31న ఏ అండ్ ఎమ్ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో జరిగిన ఆట ఏబీసీలో వచ్చింది, ఏ అండ్ ఎమ్ 23-13తో ఓడింది. 2025 సెప్టెంబరు 13న నోటర్‌డామ్ మైదానంలో జరిగినది ఎన్‌బీసీలో వచ్చింది, ఈసారి ఏ అండ్ ఎమ్ 41-40తో గెలిచింది. అవే రెండు జట్లు, ఛానెల్ మాత్రం మారిపోయింది. నోటర్‌డామ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా ఫుట్‌బాల్ ఆడే కాలేజీ, దాని సొంతగడ్డ ఆటలు 1991 నుంచీ ఎన్‌బీసీవే. ఆ రాత్రి ఈఎస్‌పీఎన్ యాప్ ఒక్కటే నమ్ముకున్న ఏ అండ్ ఎమ్ ఇళ్లకు ఆట దొరకలేదు. ఎన్‌బీసీ గాల్లో ఉచితంగా వచ్చేదే కాబట్టి ముప్ఫై డాలర్ల యాంటెన్నా ఉన్న ఇంట్లో మాత్రం మామూలుగా వచ్చింది.

ఏ అండ్ ఎమ్ ఉన్నది ఎస్‌ఈసీలో, అంటే సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో. టెక్సాస్, ఓక్లహోమా కూడా 2024 జులైలో ఇందులోకే వచ్చాయి. అంతకుముందు ఎస్‌ఈసీ పెద్ద ఆట ప్రతి శనివారం మధ్యాహ్నం సీబీఎస్‌లో వచ్చేది. 2024 నుంచి మొత్తం ఏబీసీ, ఈఎస్‌పీఎన్ ఛానెళ్లున్న డిస్నీ చేతికి వెళ్లింది. కాబట్టి మీరు చూడాల్సినవి ఏబీసీ, ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్ 2, ఎస్‌ఈసీ నెట్‌వర్క్, అప్పుడప్పుడూ ఈఎస్‌పీఎన్ యూ. వీటిలో ఏబీసీ గాల్లో ఉచితంగా వచ్చేది, మిగతావన్నీ డబ్బు కట్టి చూడాల్సినవి. పెద్ద ఆటలు ఎక్కువగా ఏబీసీకే వెళ్తాయి. 2024 నవంబరులో పదమూడేళ్ల తర్వాత మళ్లీ జరిగిన టెక్సాస్, ఏ అండ్ ఎమ్ ఆట ఏబీసీలోనే వచ్చింది, 2025లోదీ అంతే.

ఇక యాంటెన్నా సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో పలచటి ప్లాస్టిక్ షీటు లాంటిది ఒకటి కొని, టీవీ వెనక గోడకు అంటించి, ఏబీసీ రావట్లేదని పక్కన పడేస్తారు. తప్పు టీవీది కాదు, ఇంటిదీ కాదు. డాలస్ స్టేషన్ల టవర్లన్నీ నగరానికి నైరుతి దిక్కున సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లకు దగ్గరే, ఫ్రిస్కోకి మాత్రం దాదాపు 40 మైళ్లు. దూరం ఒక ఇబ్బంది, దానికి తోడు ఇంకోటుంది. ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5, సీబీఎస్ 11, సీడబ్ల్యూ 33 ఇవన్నీ ఇప్పుడు యూహెచ్ఎఫ్ అనే పొట్టి తరంగాల్లో ప్రసారమవుతాయి. స్క్రీన్ మీద కనిపించే నంబర్లు పాత గుర్తులు మాత్రమే. ఏబీసీ స్టేషన్ డబ్ల్యూఎఫ్ఏఏ ఒక్కటి మాత్రం నిజంగానే 8వ ఛానెల్‌లో, అంటే వీహెచ్ఎఫ్‌లో ఉంది. ఆ తరంగాలు పొడుగైనవి. వాటిని సరిగా పట్టాలంటే యాంటెన్నాలో కొసాకొస దాదాపు 32 అంగుళాల కడ్డీ ఉండాలి. పలచటి షీటు యాంటెన్నాలు యూహెచ్ఎఫ్‌కు పనికొస్తాయి, 8వ ఛానెల్ దగ్గర చేతులెత్తేస్తాయి. మీకు అన్నిటికన్నా ముఖ్యంగా కావాల్సింది ఆ 8వ ఛానెలే!

అందుకని డబ్బా మీద "యూహెచ్ఎఫ్, హై వీహెచ్ఎఫ్" రెండూ రాసి ఉన్నదే తీసుకోండి (8వ ఛానెల్ ఉండేది ఈ హై వీహెచ్ఎఫ్‌లోనే), చూడగానే పొడవైన కడ్డీలు కనిపించాలి. "200 మైళ్ల రేంజ్" అని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం మామూలు ఇంటికి అరవై, డెబ్బై మైళ్లు దాటి సిగ్నల్ నమ్మకంగా రాదు. కొనేముందు ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ల డీటీవీ మ్యాప్ పేజీలో మీ జిప్ కోడ్ కొట్టండి. ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో, ఏ దిక్కు నుంచి వస్తుందో చూపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి? మీది రెండంతస్తుల ఇల్లే అయ్యుంటుంది కాబట్టి అటకే మొదట గుర్తొస్తుంది. అక్కడ ఒక చిక్కుంది. టెక్సాస్‌లో కొత్తగా కట్టే ఇళ్లలో ఎండ వేడి ఆపడానికి పైకప్పు చెక్కలకు లోపలివైపు మెరిసే అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది, రేడియంట్ బ్యారియర్ అంటారు. ఏసీ బిల్లుకు మంచిదే, టీవీ సిగ్నల్‌కు మాత్రం అది అడ్డుగోడ. అటక ఎక్కి టార్చి వేసి పైకి చూడండి. రేకు తళుక్కుమంటే అటక ఆశ వదులుకుని, ఇంటి బయట దక్షిణం, నైరుతి వైపు గోడకో చూరుకో బిగించండి. రేకు లేకపోతే అటకలోనే, సీడర్ హిల్ దిక్కుకు తిప్పి పెట్టొచ్చు.

"మా హెచ్ఓఏ వాళ్లు ఒప్పుకోరు" అనే మాట ప్రతి ఇంట్లో వింటాను, హెచ్ఓఏ అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం. హెచ్ఓఏ వాళ్లు వద్దన్నా చెల్లదు. 1996లో ఎఫ్‌సీసీ తెచ్చిన నిబంధన ప్రకారం మీ సొంత ఆవరణలో టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని హెచ్ఓఏ నిషేధించలేదు. భద్రత కోసం షరతులు పెట్టొచ్చు, చారిత్రక కట్టడాలకు మినహాయింపు ఉంది, అంతే. అద్దె అపార్ట్‌మెంట్‌లో కూడా మీ ఒక్కరిదే అయిన బాల్కనీలో పెట్టుకోవచ్చు. అందరిదీ అయిన డాబా మీద మాత్రం ఆ హక్కు వర్తించదు.

వైరు గురించి కంగారు పడకండి. కేబుల్ రోజుల కోసం బిల్డరు ప్రతి గదికీ వేసిన కోయాక్స్ వైర్లన్నీ బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో లాండ్రీ గదిలోనో ఉండే తెల్ల రేకు పెట్టెలో కలుస్తాయి. యాంటెన్నా వైరును అక్కడికి తెచ్చి, మీకు కావాల్సిన గది వైరుకు నేరుగా కలపండి. స్ప్లిటర్ వేసి ఆరు గదులకూ పంచితే ప్రతి గదికీ అందే సిగ్నల్ బలం బాగా తగ్గిపోతుంది. రెండు టీవీలు చాలు. మీ ఇంటర్నెట్ కూడా కోయాక్స్ మీదే వస్తుంటే ఆ వైరును మాత్రం ముట్టుకోవద్దు. చివరగా టీవీ సెట్టింగ్స్‌లో "యాంటెన్నా" ఎంచుకుని ఆటో స్కాన్ కొట్టండి. 8.1 వచ్చి, గడులు గడులుగా విరగకుండా నిలబడితే పని అయినట్టే. రాకపోతే కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ స్కాన్ చేయాలి. దూరదర్శన్ కాలంలో డాబా ఎక్కి "వచ్చిందా?" అని అరిచినవాళ్లకు ఈ పని కొత్తేం కాదు.

ఇప్పుడు డబ్బు కట్టే ఛానెళ్లు. ఇక్కడ పేర్లతోనే జనం దెబ్బతింటున్నారు. ఈఎస్‌పీఎన్ యాప్ ఒక్కటే, అందులో అమ్మే ప్లాన్లు రెండు. నెలకు పన్నెండు, పదమూడు డాలర్లది సెలెక్ట్, ఇదివరకు ఈఎస్‌పీఎన్ ప్లస్ అనేవారు. అందులో ఈఎస్‌పీఎన్ ఛానెల్ రాదు! ఈఎస్‌పీఎన్ అని పేరుంది కదా అని కొని, శనివారం ఆట మొదలయ్యాక తాళం బొమ్మ చూసి ఫోన్ చేసేవాళ్లు నాకు ప్రతి సెప్టెంబరులోనూ తగులుతారు. మీకు కావాల్సింది అన్‌లిమిటెడ్. 2025 ఆగస్టు 21న మొదలైంది, నెలకు 29.99 డాలర్లు. ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్ 2, ఈఎస్‌పీఎన్ యూ, ఎస్‌ఈసీ నెట్‌వర్క్, ఏసీసీ నెట్‌వర్క్ అన్నీ అందులో వస్తాయి, ఏబీసీలో వచ్చే ఆటలతో సహా.

ఇంకో మాట. చిన్న కాలేజీలతో జరిగే ఆటలు కొన్ని "ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ప్లస్"లో అని రాసి ఉంటాయి. ఆ పేరుతో ఛానెల్ ఎక్కడా ఉండదు, గైడ్‌లో ఎంత వెతికినా దొరకదు. అది ఈఎస్‌పీఎన్ యాప్‌లో మాత్రమే ఆడుతుంది. అన్‌లిమిటెడ్ ఉంటే అదీ వచ్చేస్తుంది.

ఏబీసీ ఆటలు అన్‌లిమిటెడ్‌లోనే వస్తుంటే యాంటెన్నా దేనికని మీరు అడగొచ్చు. నోటర్‌డామ్ ఆట సంగతి పైన చెప్పాను, బయటి కాన్ఫరెన్స్ మైదానాల్లో ఆడే ఆటలు ఎన్‌బీసీ, ఫాక్స్, సీబీఎస్‌లలో ఉండొచ్చు. 2025 సీజన్ మొదట్లో టెక్సాస్ జట్టు ఒహాయో స్టేట్‌కు వెళ్లి ఆడినది ఫాక్స్‌లో వచ్చింది. రెండో కారణం, యాంటెన్నాకు ఒప్పందాల గొడవ లేదు. 2025 అక్టోబరు 30 రాత్రి యూట్యూబ్ టీవీకీ డిస్నీకీ బేరం చెడి ఈఎస్‌పీఎన్, ఏబీసీ రెండూ ఆగిపోయాయి. నవంబరు 14న గానీ రాజీ కుదరలేదు. సీజన్ నడిమధ్యలో రెండు శనివారాలు పోయాయి. రాజీ కుదిరిన మర్నాడే ఏ అండ్ ఎమ్ సగం ఆటకు 30-3తో వెనకబడి, చివరకు 31-30తో సౌత్ కరోలినాను ఓడించింది. ఒక్కరోజు ఆలస్యమై ఉంటే ఆ ఆట ఎంతమంది ఇళ్లలో రాకుండా పోయేదో! కేబుల్ ఉన్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు, 2023 ఆగస్టు 31న స్పెక్ట్రమ్ కేబుల్‌లోనూ ఇలాగే ఆట మధ్యలో ఈఎస్‌పీఎన్ పోయింది.

మూడో కారణం చిన్నదే గానీ మీకు బాగా తెలిసొస్తుంది. స్ట్రీమింగ్‌లో ఆట అర నిమిషమో, ఇంకా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. మీ అమ్మాయి ఏ అండ్ ఎమ్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఉంటుంది, అక్కడ విద్యార్థులు ఆట మొత్తం నిలబడే చూస్తారు, చేతిలో ఫోన్ ఉండనే ఉంటుంది. మీ టీవీలో బంతి ఇంకా ఇరవై గజాల దూరంలో ఉండగానే వాట్సాప్‌లో "టచ్‌డౌన్ నాన్నా!" అని వచ్చేస్తుంది. యాంటెన్నాలో ఆ తేడా కొద్ది సెకన్లే. స్ట్రీమింగ్‌లో చూసే రోజుల్లో ఫోన్ బోర్లా పెట్టుకోవడమే మార్గం.

ఖర్చు లెక్క వేద్దాం. యూట్యూబ్ టీవీ నెలకు 82.99 డాలర్లు, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలకు సుమారు 332. అదే నాలుగు నెలలకు అన్‌లిమిటెడ్ 120, యాంటెన్నా ముప్ఫై నుంచి ఎనభై డాలర్లు, అదీ ఒక్కసారే. ఇంకా తగ్గించాలంటే యూట్యూబ్ టీవీ లాంటిదే అయిన స్లింగ్‌లో ఒక్కరోజు పాస్ ఉంది. 2025 ఆగస్టులో తెచ్చారు, 4.99 డాలర్లకు 24 గంటలు ఈఎస్‌పీఎన్ వస్తుంది. యాంటెన్నా ఉన్న ఇంట్లో ఏబీసీలో పడని శనివారాల్లో మాత్రమే అది కొనుక్కుంటే సీజన్ మొత్తానికి అయ్యేది చాలా తక్కువ. ఎస్‌ఈసీ నెట్‌వర్క్ కావాలంటే దాని మీద స్పోర్ట్స్ ప్యాక్ అదనంగా కలపాలి. ఈ పాస్ మీద డిస్నీ కోర్టుకెక్కింది కూడా, కాబట్టి సీజన్ మొదలయ్యేసరికి ఉందో లేదో చూసుకోండి. ప్రతి వారం ఛానెల్ చూసి కొనే ఓపిక ఉంటే ఇదే చవక. నాకైతే శనివారం పొద్దున ఆ హడావుడి నచ్చదు, అన్‌లిమిటెడ్ తీసుకుని డిసెంబరులో ఆపేయడమే సుఖం.

అలాగని యూట్యూబ్ టీవీ దండగ అనను. ఇంట్లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ కూడా చూసేవాళ్లుంటే, నాలుగు ఆటలు ఒకే తెరమీద పెట్టుకుని చూసే పిచ్చి ఉంటే, అదే సరైనది. ఒక్క కాలేజీ కోసం అయితే ఎక్కువ.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్తాను. తెలుగు ఛానెళ్ల కోసమని చాలా ఇళ్లలో ఒక చిన్న ఆండ్రాయిడ్ బాక్స్ కనిపిస్తుంది, ఎవరో తెలిసినాయన ఏడాదికింత అని తీసుకుని పెడతాడు. "అందులో ఈఎస్‌పీఎన్ కూడా వస్తుందిగా అండీ" అంటారు. వస్తుంది. అది దొంగ ప్రసారం. పైగా మామూలు రోజుల్లో బాగానే ఆడి, పెద్ద ఆట రోజున అందరూ ఒకేసారి మీద పడేసరికి గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. డబ్బు ఎవరిని అడుగుతారు? దాని మీద ఆధారపడి స్నేహితులను ఆటకు పిలవకండి.

ఆట సమయాలు సీజన్ ముందే అన్నీ తేలవు. కొన్ని పన్నెండు రోజుల ముందు, కొన్నిసార్లు ఆరు రోజుల ముందు చెప్తారు. మన టెక్సాస్ సమయం ప్రకారం ఉదయం 11, మధ్యాహ్నం 2.30, సాయంత్రం 6.30 ప్రాంతం, ఈ మూడింటిలో ఒకటి. ఒక్కో ఆట మూడున్నర గంటలు పడుతుంది. శనివారం సత్యనారాయణ వ్రతానికో పుట్టినరోజు ఫంక్షన్‌కో మాట ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి. రికార్డు చేసుకోవాలంటే యాంటెన్నాకు టాబ్లో లాంటి పెట్టె తగిలించొచ్చు. ఆట వెనకే వచ్చే ప్రోగ్రామ్ కూడా రికార్డుకు పెట్టండి. లేదంటే ఓవర్‌టైమ్ మొదలవగానే రికార్డింగ్ అయిపోతుంది.

పిల్లలు వేరే కాలేజీల్లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. మిచిగన్, పర్డ్యూ లాంటి బిగ్ టెన్ కాన్ఫరెన్స్ కాలేజీలకు యాంటెన్నా ఇంకా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ మూడింటిలోనూ వాళ్ల ఆటలుంటాయి. మిగిలినవి బిగ్ టెన్ నెట్‌వర్క్, ఎఫ్ఎస్ 1 ఛానెళ్లలో, అవి నెలకు 19.99 డాలర్ల ఫాక్స్ వన్ యాప్‌లో వస్తాయి. కొన్ని ఎన్‌బీసీ వాళ్ల యాప్ పీకాక్‌లో మాత్రమే ఉంటాయి, ఆ నెలకు తీసుకుని ఆపేయండి. టెక్సాస్ టెక్, బేలర్, హ్యూస్టన్ ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌కి ఈఎస్‌పీఎన్, ఫాక్స్ రెండూ కావాలి. నార్త్ టెక్సాస్ ఆటలు ఈఎస్‌పీఎన్ ఛానెళ్లలోనే ఎక్కువ. యూటీ డాలస్ పిల్లలకు ఈ బాధే లేదు, వాళ్లకు ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ ఆర్లింగ్టన్ వాళ్లు 1985 సీజన్ తర్వాత ఆపేశారు.

డిసెంబరులో ప్లేఆఫ్స్. 2024 నుంచి పన్నెండు జట్లతో జరుగుతున్నాయి, తొలి రౌండ్ కాలేజీ మైదానాల్లోనే. దాదాపు అన్నీ ఈఎస్‌పీఎన్, ఏబీసీలలో వస్తాయి. 2024, 2025లలో తొలి రౌండ్‌వి రెండేసి ఆటలు టీఎన్‌టీ అనే కేబుల్ ఛానెల్‌కు ఇచ్చారు, అవి అన్‌లిమిటెడ్‌లో రావు. మీ జట్టు ఆట అక్కడ పడితే ఒక్క నెలకు మాత్రం వేరే ఏర్పాటు చూసుకోవాలి. మీ జట్టు సీజన్ ముగిసిన రోజే యాప్‌లో క్యాన్సిల్ నొక్కేయండి. కట్టిన నెల పూర్తయ్యేదాకా ఎలాగూ పనిచేస్తుంది, మళ్లీ ఆగస్టు చివర్లో తెరవొచ్చు.

ఈ వారాంతంలో అటక ఎక్కి పైకప్పు కింద ఆ రేకు ఉందో లేదో చూడండి. ఎఫ్‌సీసీ మ్యాప్‌లో డబ్ల్యూఎఫ్ఏఏ పక్కన ఏ రంగు కనిపించిందో కూడా రాయండి. ఆ రెండూ తెలిస్తే ఎంత పెద్ద యాంటెన్నా కావాలో, ఎటు బిగించాలో చెప్తాను.